ఖరాసూయ కథకు ఊ కొట్టడం

ఎవరూ చెప్పుకోని చరిత్రలను ఏటేటా యంత్రాలు చెరిపేస్తున్నాయి. చెరపకూడదంటే ఒక మనిషి చెప్పాలి, మరో మనిషి చివరిదాకా ఊ కొట్టాలి. ఈ రోజు వంతు, వెయ్యేళ్ళ కిందట ఇరాన్ కొండల్లో ఏలిన సల్లారీ వంశానిది. వాళ్ళ గురించి చదివినదాన్ని ఈ చుట్టుపక్కల నేనొక్కదాన్నే.

వంటింటి గోడమీది యంత్రం వింటోంది. తోటికోడలు కనకవల్లి చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. కంగారులో నేను రాజుల పేర్లన్నీ వరసగా అప్పజెప్పాను. ఆమె ఊ సన్నబడి ఆగిపోయింది. యంత్రం మీద ఎర్రదీపం వెలిగింది.

"కనకం, ఊ అనవే! అందరూ పోతారే!"

"ఆ పేర్లకి నోరు తిరగదక్కా. వాళ్ళకి అమ్మల్లేరూ?"

ఉంది, ఖరాసూయ. ఆమె కొడుకు మర్జుబాన్‌ను శత్రువులు దూరపు కోటలో బంధించారు. అది చెబుతూ కొంగుతో ముక్కు తుడుచుకున్నాను. ఎడబాటు మాట వస్తే నాకెప్పుడూ అంతే. కానీ ఆ తల్లి ఏడుస్తూ కూర్చోలేదు. నమ్మకస్తులకు వర్తకుల వేషం వేయించి కోటకు పంపింది.

"ఊ! లోపలికి రానిచ్చారా?"

"కాపలావాళ్ళను మంచి చేసుకుని దూరారు."

"ఊ, పిల్లాడు బయటపడ్డాడా? నాన్చక చెప్పక్కా!"

"పడ్డాడు. మళ్ళీ రాజయ్యాడు!"

"ఊ!" అని కనకం వీధిలోకి వినబడేలా అరిచింది. దీపం పచ్చబడింది. సల్లారీలు నిలిచారు. నేను కళ్ళు తుడుచుకున్నాను.

"మరి ఆవిడ మొగుడు?"

"కొడుకులతో కలిసి అంతకుముందే గద్దె దింపేసింది."

"అమ్మ నాయనో! ఊ!"

ఇక అక్కర్లేకపోయినా కనకం ఊ కొడుతూనే ఉంది.