స్టాపు లేని చోట

జాకెట్టు కావాలంటే సంతకం పెట్టాల్సిందే. ఆ నెలంతా షహనాజ్ కుట్టుకొట్లో అదే రూలు.

"ఏందమ్మా ఈ గోల! రేపు పెళ్ళికి పోవాల, నా జాకెట్టు నాకియ్యి" అని కొండమ్మ మొత్తుకుంది.

"ఇస్తా పిన్నీ. ముందు ఈ కాగితం మీద గీకు."

కొండమ్మ సణుక్కుంటూనే గీకింది. అలా మూడొందల పైచిలుకు సంతకాలు పోగయ్యాయి.

నరసరావుపేటలో ర్యాపిడ్ బస్సులు వేస్తున్నారు. వాళ్ళ పేటలో కట్టబోయే స్టేషన్‌కి రెండు చోట్లు చూశారు. ఒకటి మార్కెట్ వెనక ఖాళీ జాగా. రెండోది మెయిన్ రోడ్డు మూల. షహనాజ్ సంతకాలు దీని కోసమే. మూల మీద కట్టాలంటే ఒక్క ఇల్లు పడగొట్టాలి. అది కోటయ్య ఇల్లు.

షహనాజ్‌కి కావలసింది బస్సు కాదు. ఆ ఇల్లు నేలమట్టం కావడం.

తొమ్మిదేళ్ళ కిందట ఆ మూల మీదే, కాలేజీకి వేళయిపోతోందని ఆమె కూతురు ఉజ్మా ఓ ప్రైవేటు బస్సుకి చెయ్యెత్తింది. డ్రైవరు కోటయ్య. ఆపలేదు. ఉజ్మా పరిగెత్తి కమ్మీ అందుకుంది. పట్టు జారింది. వెనక చక్రం కింద పడింది.

రెండేళ్ళు నడిచిన కేసు ఒక్క మాటతో తేలిపోయింది. అక్కడ స్టాపు లేదు. స్టాపు లేని చోట ఆపకపోతే అది డ్రైవరు తప్పు కాదు. కొట్టేశారు.

ఆ దిగులుతోనే ఆమె భర్త, మెకానిక్కు నాగూర్ వలి మంచం పట్టి, కన్నుమూశాడు. షహనాజ్ మాత్రం పళ్ళు బిగించి బతికింది. రోజూ కొట్టుకు పోతూ కోటయ్య ఇంటి ముందు ఆగి మరీ ఉమ్మేసేది. ఆమె కనబడితే కోటయ్య లేచి లోపలికి పోయి తలుపేసుకునేవాడు. ఎంత పొగరు అనుకునేది. వసారా కప్పు కూలి ఆరేళ్ళయినా బాగు చేయించలేదు. పిసినిగొట్టు పీనుగ అనుకునేది.

జనం అభిప్రాయం తెలుసుకోవాలని మునిసిపల్ హాల్లో మీటింగు పెట్టారు. ప్లాను వేస్తున్న ఇంజినీరు అర్చన ఊరికి కొత్త. మూల దగ్గర రోడ్డు వెడల్పు చాలదేమోనని నసిగింది.

షహనాజ్ మెడలోని టేపు లాగి బల్ల మీద కొట్టింది.

"చాలుద్ది మేడమ్! అంగుళాలతో సహా కొలిచా. ఆ కొంప తీసేస్తే రెండు బస్సులు పక్కపక్కనే నిలబడతయ్."

జనం నవ్వారు. అభ్యంతరాలేమైనా ఉన్నాయా అని అర్చన అడిగింది. చివరి వరుసలో తల వంచుకు కూర్చున్న కోటయ్య నోరు మెదపలేదు. మూడొందల సంతకాలు చూసి నోరు పడిపోయింది అనుకుని షహనాజ్ లోలోపల పొంగిపోయింది.

మీటింగు అయ్యాక అర్చన ఆమెను పక్కకు పిలిచింది.

"ఈ మూలన బస్సు ఆగాలని మీకన్నా ముందే ఎవరో అడిగారంటమ్మా. పాత ఫైల్లో అర్జీ ఉందని మా క్లర్కు చెప్పాడు. మీ అమ్మాయి ఉజ్మా పేరు కూడా రాశారంట. నేనింకా చూడలేదు."

ఇంకెవరు రాస్తారు, నాగూర్ వలే అనుకుంది షహనాజ్. పానా తప్ప కలం పట్టని మెకానిక్కు, ఇంట్లో చెప్పకుండా ఎంత పని చేశాడు! ఆ రోజు నమాజులో, ఆ అర్జీ రాసిన చేతిని చల్లగా చూడమని అల్లాను వేడుకుంది.

నెల తిరిగేసరికి మూలే ఖాయమైంది. నోటీసు ఇచ్చే రోజు షహనాజ్ కొట్టు మూసి అర్చన వెంట బయల్దేరింది. కోటయ్య కాళ్ళావేళ్ళా పడుతుంటే కళ్ళారా చూడాలి. అంతే.

కోటయ్య గుమ్మంలోనే ఉన్నాడు. వెనక గదులు బోసిగా ఉన్నాయి. సామానంతా అప్పటికే ఈపూరులో చెల్లెలింటికి పంపేశాడు. నోటీసు చదవకుండానే సంతకం చేసి, తాళంచెవి అర్చన చేతిలో పెట్టాడు.

"ఎప్పుడు పడగొడతారు మేడమ్?"

"ఇంకా నెల టైముందండీ."

"అన్నాళ్ళెందుకు మేడమ్. రేపే కానీయండి."

షహనాజ్‌కి ఒళ్ళు మండిపోయింది. తొమ్మిదేళ్ళు కాచుకున్నది ఈ మాట వినడానికా?

"ఏడవ్వేందయ్యా? నా బిడ్డను తొక్కిన చోటే నిన్ను రోడ్డున పడేశా. నేనొక్కదాన్నే కాదు, చచ్చి కూడా నీ కొంప కూల్చాడు మా ఆయన. ఏడువ్!"

కోటయ్య ఏదో అనబోయి ఆగాడు. ఆమెకు చేతులు జోడించాడు. చేతిసంచీ తీసుకుని మెట్లు దిగి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

కసి తీరలేదు. ఎందుకు తీరలేదో షహనాజ్‌కి అర్థం కాలేదు.

"మేడమ్, ఆ పాత అర్జీ ఉందా? మా ఆయన రాత ఒక్కసారి చూస్తా."

అర్చన ఫైలు తిరగేసి అడుగునున్న కాగితం తీసింది. రంగు మారిపోయింది. షహనాజ్ ముందు తేదీ చూసింది. ఉజ్మా పోయిన నలభయ్యో రోజు, ఫాతెహా ప్రార్థన చేయించిన నాడు. ఇల్లంతా జనం. అంతమందిలోంచి ఎప్పుడు లేచెళ్ళి రాశాడో మహానుభావుడు అనుకుంటూ, కళ్ళు తుడుచుకుని చదవసాగింది.

"అయ్యా, ఈ మూలన ఉజ్మా అనే పాప చనిపోయింది. ఇక మీదట ఇక్కడ ప్రతి బస్సూ ఆగాలి."

'చోటు చాలకపోతే నా ఇల్లు పడగొట్టుకోండి' అన్న ఆఖరి వరుస కింద ఉన్న సంతకం కోటయ్యది.