ఒరగని పీఠం

చెక్క చెక్కే యంత్రం చప్పుడు మారింది. త్రినాథ్ చెయ్యి ఎర్ర బటన్ మీద పడింది.

గిర్రున తిరుగుతున్న కోత బిట్టు ఆగిపోయింది. పసుపుపచ్చటి పనసచెక్క పొట్టు గాలిలో తేలి మెల్లగా నేలకు దిగింది. చెక్కుతున్న పీఠంలో వెన్ను ఆనే చోట వెంట్రుకంత పగులు.

"ఏటయింది బాబూ?" గోడవారన నిలబడ్డ సోములు ముందుకొచ్చాడు.

"పగులొచ్చింది మావా. లోపలికి ఎంత దూరం పోయిందో తెలీదు."

"మరో మాను లేదు."

ఆ సంగతి త్రినాథ్‌కీ తెలుసు. ఉద్దానంలో సోములు భార్య జగ్గమ్మ పుట్టింటివాళ్ల పనస అది. తిత్లీ తుపానుకి కూలింది. మిగిలిన మొదలు ఇదొక్కటే. ఇందులోంచే అతుకు లేని పీఠం రావాలి. బయట బెరడు చెట్టుకున్నట్టే ఉండాలి. లోపల మాత్రం జగ్గమ్మ ఒంటికి అచ్చు గుద్దినట్టు దిగాలి. చీలిందా, అంతే.

రాజాంలో కొట్టు తెరిచినప్పటినుంచీ త్రినాథ్ యంత్రం చెక్కినవన్నీ తలుపుల మీద హంసలు, పూజగదులకు ఓంకారాలు. ఇలాంటి పని కోసమే ఇన్నాళ్లూ కాచుకున్నాడు.

కొలత తీసిన రోజు జగ్గమ్మ కొట్టంతా నవ్వించింది. మగ్గం గుంటలో బతుకంతా గడిపిన మనిషి. నడుం విల్లులా వంగిపోయింది. ఏ గోడకీ ఆ వెన్ను ఆనదు. ఆమె బాసింపట్టు వేసుకుని కూర్చుంటే, త్రినాథ్ చేతిలో స్కానరుతో చుట్టూ తిరిగాడు.

"కదలకమ్మా."

"కదల్ను గానీ, ఆ దీపం నా ఎముకలు లెక్కెడతన్నాదేటి?"

ఎడమ అరచేతిని ఒడిలో వెల్లకిలా పెట్టుకుంది. "ఈ సెయ్యి ఆనడానికీ సోటెట్టు."

ఆమె మెడలో వెండి లింగకాయ వేలాడుతోంది. జపానికి కాబోలు అనుకున్నాడు త్రినాథ్.

"కాస్త వదులుంచుతానమ్మా. మనిషన్నాక లావెక్కుతాం."

"ఓలమ్మ, లావెక్కుతానట! ఇన్నావా?" అని మొగుడి వైపు చూసి నవ్వింది. సోములు నవ్వలేదు.

"బిగుతుగానే ఉండాల బాబూ. నిద్దరోయినా పక్కకి ఒరగకూడదు," అన్నాడు.

పాలిష్ కూడా వద్దంది జగ్గమ్మ.

"పాలిష్ వేస్తే పురుగు ముట్టదమ్మా. వందేళ్లుంటుంది."

"పురుగుకి మాత్రం తిండొద్దేటి?"

"సరే. మరి బరువో? ఇంట్లో అటూ ఇటూ జరపలేరు."

ఈసారి సోములు జవాబిచ్చాడు. "ఒక్కపాలి ఎడితే మరి జరపం."

పెళ్లిరోజేదో దగ్గర పడుతున్నట్టుంది, ముసలాయనకి పెళ్లాం మీద ప్రేమ ఎక్కువ అనుకున్నాడు త్రినాథ్. ఆ రోజునుంచీ సోములు పొద్దున్నే ఫోను చేసేవాడు. "అయిపోనాదా?" అనే ఒక్క మాట. అంతకు మించి అడిగేవాడు కాదు.

ఇప్పుడీ పగులు.

"రెజిన్ జిగురు పోస్తే పట్టేస్తుంది మావా."

"వద్దు. సెక్క కానిదేదీ అందులో ఉండకూడదంది. మేకు కూడా."

"అయితే కొన్నాళ్లు ఆపుదాం. మాను ఇంకాస్త ఆరనీ."

"ఆపకు!" సోములు అరిచాడు. తన అరుపుకి తనే సిగ్గుపడి తల దించుకున్నాడు. "ఆపకు బాబూ. నీకు పున్నెముంటాది."

త్రినాథ్ కంప్యూటరు ముందు కూర్చున్నాడు. వేగం తగ్గించాడు. కోత లోతు గోరంతకి దించాడు. పగులు పైపైదే అయితే పొట్టుతో పాటు లేచిపోతుంది. లోతుదైతే మాను రెండుగా విడిపోతుంది.

యంత్రం మళ్లీ కదిలింది. ఒక పొర లేచింది. పగులు అలాగే ఉంది. మరో పొర. సోములు కళ్లు మూసుకున్నాడు. ఎక్కడో టప్‌మని చప్పుడైంది. త్రినాథ్ వేలు బటన్‌ని తాకి ఆగింది. అది బెరడు పెచ్చు రాలిన చప్పుడు.

ఇంకో పొర లేచాక పొట్టు ఊది చూశాడు.

పగులు లేదు.

సోములు వంగి ఆ చోటుని అరచేత్తో తడిమి చూసుకున్నాడు.

మర్నాడు జగ్గమ్మ ఆటోలో వచ్చింది. రెండు అడుగులకోసారి ఆగుతూ, మొగుడి భుజం పట్టుకుని లోపలికి నడిచింది. "ఏటిరా గుంటడా, నా సింహాసనం ఏదీ?" అంటూ పీఠంలో కూర్చుంది. కాళ్లు మడిచింది. వంగిన వెన్ను మొత్తం చెక్కకి ఆనింది. ఎక్కడా వేలు దూరే సందు లేదు. ఎడమ అరచెయ్యి తన చోట తాను ఒదిగింది. ఆమె కళ్లు మూసుకుంది.

త్రినాథ్ మురిసిపోతూ ఫోటో తియ్యడానికి ఫోను పైకెత్తాడు.

కళ్లు తెరవకుండానే జగ్గమ్మ పీఠం అంచు తడిమి, "బాగా కుదిరిందయ్యా, ఇంక మనోళ్లకి సెప్పీ, గొయ్యి దీనికన్నా జానెడు ఎడల్పుగా తవ్వమను, నన్నిందులో కూకోబెట్టి దింపినప్పుడు ఈ బెరడు రాలకూడదు," అంది మొగుడితో.