తొమ్మిది అడుగులు

"తొమ్మిది," అంది కోడలు.

మంచం వేసే గోడ నుంచి స్నానాల గది తలుపు దాకా లెక్క అది. అత్తగారు ఖాళీ గదిలో, ఇళ్ల బ్రోకరు ఎక్కడి నుంచో తెచ్చి వేసిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని వింటోంది. ఆవిడకి చూపు పోయి పన్నెండేళ్లు. అప్పటి నుంచీ ఇల్లంటే ఆవిడకి గోడలూ కిటికీలూ కాదు, అంకెలు. మంచానికిన్ని, గుమ్మానికిన్ని, గుమ్మం దాటాక ఎడంవైపుకిన్ని.

"గుర్తుంటుందా అత్తయ్యా?"

"ఉంటుందిలే అమ్మాయ్."

పొద్దున చూసిన ఇల్లు కొడుకు మనసుకి పట్టేసింది. బాల్కనీ, ఎదురుగా ఖాళీ జాగా, పిట్ట కూస్తే వినబడేంత నెమ్మదైన వీధి. సిటీ బస్సు నడిపే మనిషి, పొద్దస్తమానం హారన్లు చెవిలో పోసుకుని ఇంటికొస్తాడు. బాల్కనీలో కాళ్లు చాపుకుని కూర్చుంటే చాలు, ఇంకేమీ వద్దన్నాడు. కోడలు ఒక్క మాటతో తేల్చేసింది. హాల్లోంచి వంటింట్లోకి మూడు మెట్లు దిగాలట, అత్తయ్య పడిపోతారట. నేను దిగుతానే అని ఆవిడ రెండుసార్లు అంది. ఆ మాట ఎవరి చెవినా పడలేదు.

ఇప్పుడీ ఇల్లు. సందు చివర, పిండిమర పక్కన. మర ఆడుతుంటే గోడ మీద చెయ్యి పెడితే గోడ కూడా ఆడుతోంది.

"ఒక్క లాభం ఉందండోయ్," అన్నాడు బ్రోకరు, ఈ ఇల్లు ఎలాగూ అంటగట్టలేననుకుని నవ్వుతూ. "కళ్లు మూసుకుని వచ్చినా మీ గుమ్మం తప్పిపోరు."

"అదే కావాలి," అంది కోడలు. నవ్వలేదు.

ఆ తర్వాత వంటింట్లో చాలాసేపు ఉంది. పంపు ఎడంచేతి వైపా, పొయ్యి కుడిచేతి వైపా, గట్టు అంచు మొనదేలి ఉందా గుండ్రంగా ఉందా, గచ్చు తడిస్తే జారుతుందా, అన్నీ తడిమి తడిమి చూసింది. అల్మారా గూడు చెయ్యెత్తితే అందుతోందని సంతృప్తిగా చెప్పింది. ఇన్నేళ్లుగా ఇళ్లు చూపిస్తున్నాను గానీ గచ్చుని అరిచేత్తో రాసి చూసినవాళ్లని చూడలేదని బ్రోకరు ఆశ్చర్యపోయాడు. కొలతల కాగితం చేతికిస్తే, ఆమె దాన్ని అలాగే మొగుడికి అందించింది.

"మీరు పైకి చదవండి. అత్తయ్య వింటారు."

అతను చదివాడు. గొంతులో ఉత్సాహం లేదు.

"అదృష్టవంతురాలివి పెద్దమ్మా," అన్నాడు బ్రోకరు. "కన్నకూతురు కూడా ఇంత చెయ్యదు."

పెద్దావిడ తల ఊపింది. ఒకప్పుడైతే ఇలాంటి మాటకి లోపల కలుక్కుమనేది. తన మూలాన వీళ్లకెన్ని తప్పిపోయాయో లెక్కేసుకుని ఏడ్చిన రోజులున్నాయి. ఇప్పుడు తిమ్మిరెక్కిన కాలులా ఉంది మనసు. గిల్లుతున్నారని తెలుస్తుంది, నొప్పి తెలియదు. కోడలూ అలాగే తయారైంది. రెండు నెలల నుంచి ఇంట్లో కుట్టుమిషను చప్పుడే లేదు. అందరూ రెడీమేడ్ బట్టలే కొంటున్నారు అత్తయ్యా అని ఒకసారి చెప్పి ఊరుకుంది. మిషనుతో పాటు మాటా ఆగిపోయింది. తనకి చాకిరీ చేసి చేసి విసిగిపోయిందేమో అనుకుంది ఆవిడ.

"అమ్మ కోసం అన్నీ చూశావు, కాదనను," అన్నాడు కొడుకు. "మనకోసం ఒక్కటైనా చూడవా?"



పొద్దుటి ఇల్లు ఇంకెవరో అడుగుతున్నారట. నాలుగింటికల్లా అవునో కాదో చెప్పాలి. మగవాళ్లిద్దరూ నీళ్ల మోటారు చూడ్డానికి పెరట్లోకి వెళ్లారు, వెనకే కోడలూ వెళ్లింది.

పెద్దావిడకి ఇదే సమయం అనిపించింది. కొడుకు జన్మకో కోరిక కోరాడు. ఎక్కడైనా నడవగలనని చూపిస్తే, ఆ మూడు మెట్ల ఇల్లే తీసుకుంటారు. లేచి, కుర్చీ వెనకే ఉన్న ఆ మంచం గోడకి వీపు ఆనించి, అడుగు వేసింది.

తొమ్మిది. చెయ్యి చాపింది. గాలే తగిలింది.

ఇంకా నడిచింది. పదమూడుకి తలుపు దొరికింది.

పొరపాటు పడ్డానేమోనని వెనక్కి వెళ్లి మళ్లీ లెక్కపెట్టింది. పదమూడే. పాత ఇంట్లో ఈ అంకెలన్నీ నేర్పింది కోడలే. తన వెనకాలే, తన చిన్న అడుగులో అడుగేస్తూ లెక్కపెట్టేది. నా అడుగులు మీకెందుకు పనికొస్తాయి అత్తయ్యా అని నవ్వేది. పన్నెండేళ్లలో ఒక్క అంకె తప్పలేదు.

గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్లింది. చెయ్యెత్తితే అందే గూడు కోసం చెయ్యెత్తింది. అందలేదు. మునివేళ్ల మీద లేచినా జానెడు తక్కువైంది.

అసలు ఈ వంటింటితో తనకేం పని? చీర చెంగు అంటుకున్న రోజు నుంచి కొడుకు తనని పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. పదేళ్లయింది.

గట్టు అంచు మీద వేళ్లు పెట్టి అలాగే నిలబడిపోయింది. పక్కన మర ఆగింది.

పెరటి గుమ్మంలో గాజుల చప్పుడైంది. ఆ వెంటనే భుజం ద్వారబంధానికి తగిలిన చప్పుడు.

"ఇక్కడున్నారేంటి అత్తయ్యా? ఏం కావాలి?"

ఆవిడ చెయ్యి చాపి కోడలి మొహం వెతుక్కుంది. రెండు అరచేతుల మధ్య పట్టుకుని, పెరట్లోకి వినబడకుండా అడిగింది.

"నీకు చూపు ఆనక ఎన్నాళ్లయిందే, తల్లీ?"