బోలు నేల

"ఆ గడ్డి మీద అడుగెయ్యకు బాబూ!"

సర్వేయరు శ్రీరామ్మూర్తి ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోయాడు.

అన్నది ఓ ముసలమ్మ. బీడు మధ్యలో బోర్లా పడుకుని, నేలకు చెవి ఆనించి ఉంది.

"ఏం చేస్తున్నావమ్మా?"

"నేల సప్పుడు ఇంటన్నాను. కింద మట్టి రాలతన్నాది. ఇంకా రాలతన్నాది."

పక్కనున్న ఊరిపెద్ద చలమయ్య నవ్వేశాడు. "సన్యాసమ్మని, పిచ్చిది. దాని మాటకేటి గానీ, రండి బాబూ."

అది తొంభై ఎనిమిది వేసవి. పెందుర్తి దాటాక కొండవారన ఉన్న ప్రభుత్వ భూమి. కొండమీద కొత్త గని తెరుస్తున్నారు. లారీలు పోర్టుకి పోవడానికి ఆ భూమిలోంచి రోడ్డు కావాలన్నారు. హైస్కూలుకి ఆ చోటే ఇమ్మని మాస్టర్లు అర్జీ పెట్టారు. ఏళ్ళ తరబడి ఊరి పశువులు మేస్తున్నదీ అక్కడే. ఏది మేలో చూసి రాయమని శ్రీరామ్మూర్తిని పంపారు.

అతనికి ఒక్కటే అంతుపట్టలేదు.

బీడంతా ఎండకి మాడిపోయింది. మధ్యలో ఒక్క చోట మాత్రం గడ్డి పచ్చగా నిగనిగలాడుతోంది. ఆవులు దాని అంచుదాకా మేస్తున్నాయి. లోపలికి ఒక్కటీ వెళ్ళడం లేదు.

శ్రీరామ్మూర్తి వంగి ఆ గడ్డిలో చెయ్యి పెట్టాడు.

భూమిలోంచి చల్లటి గాలి వేళ్ళకు తగిలింది. ఎవరో ఊపిరి వదిలినట్టు.

చటుక్కున చెయ్యి లాక్కున్నాడు.

"రోడ్డొద్దు, బడొద్దు," అంది సన్యాసమ్మ లేచి వస్తూ. "పసువులకే వొగ్గీండి. కింద జమీందార్ల నాటి గనుంది. సొరంగాలు ఎటెటు పోయాయో నాను సూపిత్తాను, రాసుకో."

"రికార్డుల్లో అలాంటి గని లేదే?"

"కాయితం గనిలోకి దిగి సూసిందా ఏటి?"

శ్రీరామ్మూర్తి చలమయ్య వైపు తిరిగాడు. "నిజమేనా?"

చలమయ్య చూపు కొండకేసి తిప్పుకున్నాడు.

"నానెరగను బాబూ. రోడ్డు పడితే మా కుర్రోళ్ళకి పనులొత్తాయి. రాసీండి."

ఆ సాయంత్రమే శ్రీరామ్మూర్తి రాసేశాడు. రోడ్డుకు అభ్యంతరం లేదు.

రోడ్డు పడింది.

మరుసటి ఏడాది ఆగస్టు వానల్లో, పట్టపగలు, లోడుతో వస్తున్న లారీ సరిగ్గా ఆ పచ్చగడ్డి ఉన్న చోట నేలలోకి దిగిపోయింది. పైనుంచి మట్టి కప్పేసింది.

శ్రీరామ్మూర్తి వెళ్ళేసరికి ఊరంతా గుంత చుట్టూ నిలబడి ఉంది.

నేల కింద ఎక్కడో హారన్ మోగుతోంది. ఆగి, ఆగి.

డ్రైవరు వీర్రాజు బతికే ఉన్నాడు.

"పైనుంచి తవ్వితే మొత్తం కూలుతుంది," అన్నాడు ఫైర్ ఆఫీసరు. "లోపలికి ఇంకో దారి తెలిసినవాళ్ళున్నారా?"

శ్రీరామ్మూర్తి ఊళ్ళోకి పరుగెత్తాడు.

సన్యాసమ్మ గుడిసె తలుపు బార్లా తీసి ఉంది. లోపల ఎవరూ లేరు. అరుగు మీద చలమయ్య ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

"సన్యాసమ్మేదీ?"

"సచ్చిపోనాది బాబూ. పది రోజులైంది."

హారన్ మళ్ళీ మోగింది, ఈసారి సన్నగా. శ్రీరామ్మూర్తి చెవులు రిక్కించి నిలబడ్డాడు.

ఇక మోగలేదు.

"దారి తెలిసినోళ్ళు ఇంకెవరూ లేరా?"

"నేరు బాబూ. ఆయమ్మకే తెలుసు."

"ఆవిడకెలా తెలుసు?"

చలమయ్య తల ఎత్తలేదు.

"గని కూలిననాడు ఆయమ్మకి పదారేళ్ళు, సీకట్లో పాక్కుంటా లోపలికెళ్ళి తొమ్మండుగురిని బయటికి ఈడ్సుకొచ్చింది బాబూ... అందులో ఆకర్న బయట పడ్డోన్ని నానే."