తెగిన కొస

2009లో మా ఆయన తిప్పేష్ గుంతకల్లులో ఒక నూనె కంపెనీ కంప్యూటర్లు చూసుకునేవాడు. ఒకే పెద్ద యంత్రం లోపల నాలుగు వర్చువల్ కంప్యూటర్లు నడిచేవి. అన్నింటికీ బయటికి దారి ఒక్క వర్చువల్ స్విచ్, అంటే తెర మీద మాత్రమే ఉండే స్విచ్. ఒక రాత్రి ఇంట్లో సంగటి తింటూ, ఇంటి కంప్యూటర్ నుంచే ఏదో సరిచేయబోయి ఆ స్విచ్ నుంచి, యంత్రానికి బయటి కేబుల్ తగిలే అడాప్టరునే తీసేశాడు. ఇంటి నుంచి తాను లోపలికి పోయే దారి కూడా అదేనని చెయ్యి కడుక్కున్నాక గుర్తొచ్చింది.

పొద్దున బిల్లులు కొట్టే వేళకు లైను లేకపోతే ఉద్యోగం ఊడుతుంది. ఒక్కడే పోవడానికి భయం. నన్నూ స్కూటరెక్కించాడు.

కంపెనీలో యంత్రం ఉన్న గది తలుపు తీయగానే కుళ్లు వాసన కొట్టింది. ఆయన తెర మీద అడాప్టరును మళ్లీ చేర్చాడు. లైను రాలేదు. యంత్రం వెనక పందికొక్కు బయటికి పోయే కేబుల్‌ను రెండు ముక్కలుగా కొరికి, అక్కడే చచ్చి ఉబ్బిపోయి ఉంది. చచ్చి రెండు మూడు రోజులైనట్టుంది; మరి ఇందాకటి దాకా లైను ఎట్లా నడిచిందో!

"జయంతీ, ఆ తెగిన కొస పైకి పట్టుకో. ఎంత పాడైందో చూస్తా."

"పెండ్లి చూపుల్లో ఈ పని చెప్పలేదే నువ్వు," అంటూ ముక్కు మూసుకుని పట్టుకున్నాను.

కొస జిగటగా, వెచ్చగా ఉంది.

"వచ్చింది! లైను వచ్చింది!" ఆయన తెర వైపే చూస్తున్నాడు.

"ఏమప్పా, రెండో ముక్క నేల మీదనే పడి ఉండాది గదా! ఎట్లొస్తాది?"

"నాకేం తెలుసు? విడిస్తే పోతాదేమో. తెల్లారేదాకా అట్లే పట్టుకో."

యంత్రం ఫ్యాన్ల రొద ఉన్నట్టుండి తగ్గింది. ఆ నిశ్శబ్దంలో కొస నా వేలిని మెల్లగా నాకింది.