గంగుబాయి గోలీలు

"గంగుబాయి చచ్చిపోయింది. ఇగ గోలీలు రావు చెల్లే," అని కంపెనీ దవాఖాన కాంపౌండరు పర్శరాములు కార్డును కిటికీలోంచి వెనక్కి తోశాడు.

తోసింది ఎవరి ముందుకనుకున్నారు? ఏడాదిగా గంగుబాయి పేరు మీద గోలీలు మింగుతున్న మల్లక్క ముందుకే. ఆమె నిక్షేపంగా నిలబడి ఉంది.

"నేను గీడనే ఉన్న గదన్నా," అంది మల్లక్క.

ఆ సంగతి పర్శరాములుకూ తెలుసు. బొగ్గుబాయి కాలనీలో ఎవరికి తెలియదు గనక! మల్లక్క మొగుడు పోశం కంపెనీ పుస్తకాల్లో పోశం కాడు, అంతయ్య. ధర్మపురి దిక్కునుంచి వచ్చిన ఆ అసలు అంతయ్య ఉద్యోగమైతే సంపాదించాడు గానీ, గని లోపలికి ఒక్కసారి తొంగిచూసి జడుసుకున్నాడు. పేరునూ నంబరు బిళ్లనూ పోశానికి అప్పగించి ఊరికి పోయాడు. ఆ బాయిలో ఇలా ఒకరి పేరుతో ఒకరు దిగేవాళ్లు చాలామందే. పేరుతోపాటు పెళ్లాం పేరు కూడా వచ్చింది. కాగితాల్లో అంతయ్య భార్య గంగుబాయి, కాబట్టి దవాఖానలో మల్లక్క గంగుబాయి అయింది.

ఇప్పుడు ఆ అసలు గంగుబాయి తన ఊళ్లో జ్వరమొచ్చి పోయింది. కంపెనీ ఏటా సరిచూడమని ఊళ్లకు పంపే కుటుంబాల జాబితాలో ఆ ఊరి పట్వారీ ఆ పేరు పక్కన 'మరణించినది' అని రాసి, ముద్ర కొట్టి మరీ పంపాడు. ఆయన తప్పేముంది పాపం, ఉన్నమాటే రాశాడు.

ఏడాది కింద తానెలా ఉండేదో మల్లక్క మరిచిపోలేదు. మొహం ఉబ్బి, గొంతు బొంగురుపోయి, మండుటెండల్లో గొంగడి కప్పుకుని, పట్టపగలు పొయ్యి ముందే నిద్రపోయేది. వాడకట్టంతా ఒళ్లు బలుపని తీర్మానించింది. అప్పుడున్న డాక్టరు ఇది థైరాయిడ్ జబ్బు అన్నాడు. బతికినన్నాళ్లూ పొద్దున్నే పరగడుపున ఒక గోలీ మింగాలనీ, ఆపితే మళ్లీ మొదటికొస్తుందనీ చెప్పి, ఆరు నెలలకు బదిలీ మీద పోయాడు. ఒకసారి పోశం గోలీలు తేవడం మరిస్తే నెల తిరక్కముందే ఆమె మొహం మళ్లీ ఉబ్బింది. అప్పట్నుంచీ మొగుణ్ని నమ్మడం మానేసి తనే వస్తోంది.

ఇంటికి పోయి, కంపెనీ వాళ్లకు ఉన్న నిజం చెప్పేస్తానని మొగుడితో అంది. పోశం అడ్డుపడలేదు. తల దించుకుని మాత్రం అన్నాడు: "చెప్పు. రేపే నన్ను గేటు బయటికి నూకుతరు. కొలువు పాయె, క్వార్టరు పాయె. గప్పుడు గోలీల సంగతి దేవుడెరుగు, గంజెవడు పోస్తడే?"

ఇద్దరూ చెరో గోడకు ఆనుకుని కూచున్నారు. ఇద్దరికీ ఏడుపొచ్చింది.

ఉపాయం పర్శరాములే చెప్పాడు. పెళ్లాం పోయింది, మళ్లీ పెళ్లి చేసుకున్నానని అంతయ్య పేరుతో పోశం రాయించుకుంటే ఎవరు కాదంటారు? కొత్త పెళ్లాం పేరు మల్లక్క. దొంగపేరు కూడా కాదు. పన్నెండేళ్ల కాపురం తర్వాత కొత్త పెళ్లికూతురు కావలసి వచ్చినందుకు అంత దుఃఖంలోనూ మల్లక్కకు నవ్వొచ్చింది. వారం తిరిగేసరికి కొత్త కార్డు వచ్చింది. తన పేరు తన కార్డు మీద చూసుకోవడం ఆమెకు అదే మొదలు. చదవడం రాకపోయినా అక్షరాల మీద వేలు పెట్టి చూసుకుంది.

కొత్త కార్డుకు కొత్తగా డాక్టరే చూసి మందు రాయాలి. అది కంపెనీ రూలు. మొగుణ్ని వెంటబెట్టుకుని పోయింది. గుంటూరునుంచి ఈమధ్యే వచ్చిన డాక్టరు మంచివాడు, దేన్నీ తొందరపడి తేల్చే మనిషి కాడు. నాడి పట్టాడు. కళ్లు, గోళ్లు చూశాడు. గొంతు తడిమి గుటక వెయ్యమన్నాడు. చిన్న సుత్తితో మోకాలి కింద కొడితే కాలు చటుక్కున లేచింది. ఇన్ని నెలలుగా ఒక్క పూట తప్పకుండా మందు మింగిన మనిషిలో ఆయనకు ఏ లోపం దొరుకుతుంది?

"నాకు థైరాయిడ్ ఉన్నది సారూ. గోలీలు మింగితెనే గిట్లున్న," అంది మల్లక్క.

ఎవరు రాశారు, చీటీ ఏది అని ఆయన అడిగాడు. ఆమె పోశం వైపు చూసింది. పోశం నేల చూశాడు. పక్కనే నిలబడ్డ పర్శరాములు నోరు తెరవబోయి మూసుకున్నాడు. అతనికీ ఉద్యోగముంది మరి. ఇక తోచక మల్లక్క కొంగుముడి విప్పి మిగిలిన ఆరు గోలీలూ బల్ల మీద పెట్టింది. ఇవెవరివని డాక్టరు అడిగితే ఏం చెప్పాలి? ఒక్కటే పేరు చెప్పగలదు.

"గంగుబాయివి," అంది.

డాక్టరు ఆ ఆరింటినీ చెత్తడబ్బాలో పడేశాడు. చనిపోయినావిడ మందులు బాగున్న మనిషి మింగితే గుండె దడ పుట్టి ప్రాణం మీదికొస్తుందని నెమ్మదిగానే మందలించాడు. మల్లక్క చేతులు జోడించింది. తనకే కావాలని, అవి లేకపోతే బతకలేనని బతిమాలింది. పాపం, భయపడిపోయినట్టుందని ఆయన జాలిపడి కార్డు మీద ఏదో రాసి, పోశం భుజం తట్టాడు.

"రికార్డు చూశానయ్యా అంతయ్యా, నీ మొదటి భార్య ఈ జబ్బుతోనే పోయి ఉంటుంది. ఈసారి అదృష్టవంతుడివి, ఈవిడకి ఏ జబ్బూ లేదు."