తప్పు లేని ఉత్తరం

"ఈ ఉత్తరం రాసింది మీరే మాస్టారూ! ఒప్పుకుంటే ఇక్కడితో వదిలేస్తాను" అంటూ సంక్షేమాధికారి ఆ కాగితాన్ని బల్ల మీదికి విసిరాడు.

అది జారి నేల మీద పడబోతుండగా మాస్టారు రెండు చేతులా అందుకున్నారు. అక్షరం కాళ్ల కింద పడితే ఆయన ఓర్వలేరు.

"నేను రాయలేదు. మీ ఆసుపత్రి ఇస్త్రీ విభాగంలో పనిచేసే పెద్దక్క రాసింది. నా ఇంగ్లీషు తరగతిలో, నా కళ్లెదుట."

"దుప్పట్లు ఇస్త్రీ చేసే ఆవిడా? వెతికినా ఒక్క తప్పు దొరకలేదండీ ఇందులో! మా గుమాస్తా అయితే మొదటి కామా దగ్గరే బోల్తా పడతాడు."

"అయితే మీ గుమాస్తాను మందలించండి. పెద్దక్కను కాదు."

సంక్షేమాధికారి ముఖం కందగడ్డ అయింది. "అసలు పనివాళ్లకు సాయంత్రం పూట తరగతి పెట్టించింది దేనికండీ? భూతకాలం, వర్తమానకాలం చెప్పండి. 'ఇది కలం, అది కిటికీ' అనిపించండి. అంతేగానీ ఆవిరి గొట్టం కారుతోందనీ, దానికి గోనెపట్టా చుట్టి మూడు వారాలుగా నెట్టుకొస్తున్నారనీ, ఒకావిడకు మోచేతి దాకా కాలిందనీ... ఇదంతా వ్యాకరణమేనా?"

మాస్టారికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"కాలిన చెయ్యి ఎదురుగా పెట్టుకుని 'ఇది కలం' అనమంటారా? వాళ్లకు క్రియలు నేర్పాను బాబూ. ప్రతి క్రియకూ ఒక కర్త ఉంటాడనీ నేర్పాను. గొట్టం బాగుచేయించని కర్త ఎవరని వాళ్లు అడిగితే, అది నా పాఠంలో లోపం కాదు. ఫిర్యాదు ఇంగ్లీషులో ఇస్తేనే పైకి పంపుతామని నిబంధన పెట్టింది మీరే. తీరా ఇస్తే, ఇంత బాగా ఎలా రాశారని నిలదీసేదీ మీరేనా? ఇదెక్కడి న్యాయం?"

"ఆవేశపడకండి. తప్పులు దిద్దింది మాత్రం మీరే కదా?"

"తప్పున్న చోట కింద గీత గీశాను. దిద్దుకున్నది ఆమె. పదకొండుసార్లు తిరగరాసింది. 'పోనీ ఇలాగే పంపేద్దాం మాస్టారూ, అక్కడ గొట్టం కారడం ఆగట్లేదు' అని మొత్తుకున్నా, తప్పుతో ఒక్క వాక్యం నా తరగతి గడప దాటడానికి వీల్లేదన్నాను."

ఆ మాట అంటూనే మాస్టారు చేతిలోని ఉత్తరం వైపు చూశారు. పదో ప్రతి రాస్తున్న రోజునే, అదే విభాగంలో పనిచేసే పెద్దక్క తోడికోడలి చెయ్యి కాలింది. పదకొండో ప్రతిలో ఆ వాక్యమూ చేరింది. అది కూడా నిర్దుష్టంగానే ఉంది.

"సరే. ఆవిడను పిలిపిస్తాను. నా ఎదుటే రాయాలి. మీరు మాత్రం నోరు మెదపకూడదు" అన్నాడు సంక్షేమాధికారి.

పెద్దక్క పని మధ్యలోంచి వచ్చింది. ముఖం మీద ఆవిరి చెమట ఇంకా ఆరలేదు. ఆయన ఒక తెల్ల కాగితమూ పెన్నూ ఆమె ముందుకు తోశాడు.

"ఇదిగో అమ్మా, ముందే చెబుతున్నాను. ఈ ఉత్తరాన్నే ఉన్నదున్నట్టు అప్పజెప్పావనుకో, మాస్టారు బట్టీ పట్టించారని నివేదిక రాస్తాను. రేపటి నుంచి తరగతి ఉండదు. ఫిర్యాదు చెత్తబుట్టలోకి పోతుంది. ఇది నీ సొంత రాత అని నాకు నమ్మకం కుదరాలి."

"మీకు నమ్మకం కుదిరితే గొట్టం బాగుచేయిస్తారా సార్?"

"ఈ రోజే పైకి పంపుతాను."

పెద్దక్క కుర్చీ ముందుకు లాక్కుని కూర్చుంది. మాస్టారు ఆమె వెనక నిలబడ్డారు. మొదటి వాక్యంలోనే కాలం తారుమారైంది. రెండో వాక్యంలో ఏకవచనమూ బహువచనమూ ఢీకొన్నాయి. మూడో వాక్యానికి వచ్చేసరికి స్పెల్లింగుకు దిక్కులేదు. రెండేళ్ల పాఠం కళ్లముందే కుప్పకూలుతుంటే, చేతులు వెనక్కి కట్టుకుని, ఒక్కొక్క తప్పుకూ ఒక్కొక్క వేలి కణుపు నొక్కుకుంటూ, పళ్ల బిగువున నిలబడ్డారాయన. భగవంతుడు నోరిచ్చింది ఇలాంటప్పుడు మూసుకోవడానికా అనిపించింది.

సంక్షేమాధికారి చదివాడు. చదువుతూనే నవ్వాడు.

"ఇదండీ అసలు ఉత్తరం! ఇందులో మనిషి కనిపిస్తోంది. చూశారా మాస్టారూ, భాష రాకపోయినా బాధ తెలుస్తూనే ఉంది" అంటూ ముద్ర వేసి, సంతకం చేసి, జవానును పిలిచి మధ్యాహ్నం టపాలో కట్టించాడు. మరమ్మతు వాళ్లకు ఫోను కూడా అక్కడికక్కడే చేశాడు. "రేపు పొద్దున్నే వస్తారు. వెళ్లమ్మా, వెళ్లి పని చూసుకో."

నడవాలోకి రాగానే మాస్టారు ఆగలేకపోయారు.

"ఏమిటమ్మా ఆ రాత? ఆ మహానుభావుడు ఏమన్నాడో విన్నావా? భాష రాకపోయినా అట! తల కొట్టేసినట్టయింది నాకు!"

"గొట్టం బాగవుతుంది కదా మాస్టారూ."

"అవుతుంది, సంతోషమే. మరి నీ చదువేమైంది? ఆయన ఎదురుగా కూర్చునేసరికి వణుకు పుట్టిందా? ఏకంగా పదమూడు తప్పులమ్మా! ఒక్కొక్కటీ వేళ్ల మీద లెక్కపెట్టాను, పదమూడు!"

పెద్దక్క మెట్ల దగ్గర ఆగి, వెనక్కి తిరిగింది.

"నేను పద్నాలుగు పెట్టాను మాస్టారూ. ఒకటి మీ కంటికీ ఆనలేదు."